ఏటి పురుగు

వానలు మొదలైన పదిరోజులకి రంగూన్‌లో మా లత వీధి కుళాయి నీళ్లకి ఒక వాసన వస్తుంది. నాచూ, తుప్పూ, నానిన ఆకులూ కలిసిన వాసన అది; పాత ఇత్తడి బిందెలో తల దూర్చి ఊపిరి పీల్చినట్టుంటుంది. అందుకే ఈ వీధిలో అందరం కుళాయి మూతికి గుడ్డ కట్టుకుంటాం. మొన్న పొద్దున్న ఆ గుడ్డ విప్పి దులపబోతే, బియ్యపు గింజలో సగమంత ఇసక గొట్టం ఒకటి దానికి అంటుకుని ఉంది. గొట్టంలోంచి నల్లటి తలకాయ బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, మళ్లీ లోపలికి పోయింది. మా కోడలు మ ఖిన్ బర్మా పిల్ల, అది చూసి "పో! పో!" అని అరిచింది. బర్మా మాటలో పో అంటే పురుగు. తెలుగులో ఏమవుతుందో మీకు తెలుసు. నేను మాత్రం కదల్లేదు. అరవయ్యేళ్ల దాన్ని, గుడ్డముక్క పట్టుకుని, సిగ్గుతో చెవులు వేడెక్కి అక్కడే నిలబడిపోయాను. ఆ సిగ్గు నా పదేళ్లప్పటిది.

పందొమ్మిది వందల ఇరవైల్లో రంగూన్ ఇంత పెద్దది కాదు. ట్రాము ఆఖరి స్టాపు దగ్గర దిగి ఉత్తరంగా గంటసేపు నడిస్తే, ఊరికి మంచినీళ్లిచ్చే చెరువొకటి వచ్చేది. ఆ చెరువులోకి దిగే చిన్న ఏటి ఒడ్డున, వెదురు తడికల ఇంట్లో నేనూ, అమ్మా, అయ్యా ఉండేవాళ్లం. శ్రీకాకుళం వైపు నుంచి స్టీమరెక్కి వచ్చిన చాలామందిలాగే మా అయ్య అప్పలస్వామి కూడా మొదట జెట్టీలో బియ్యం బస్తాలు మోశాడు. ఒకనాడు తడి పలక మీద కాలు జారి మోకాలి చిప్ప పగిలింది. ఆ తరువాత ఆయనకి దొరికిన పని, ఏరు చెరువులో కలిసే చోట అడ్డంగా దింపిన ఇనప జాలీలని రోజుకి మూడుసార్లు పైకి తీసి, చీపురుతో తోమి, మళ్లీ దింపడం. జాలీకి ఆకులు తగులుకునేవి, పుల్లలు తగులుకునేవి, అన్నిటికన్నా ఎక్కువగా పురుగులు తగులుకునేవి. ఏడాది పొడుగునా ఆ జాలీల ముందు కూర్చున్న మనిషికి పంచాంగం అక్కర్లేకపోయింది. ఇవాళ ఏ పురుగు పడిందో చూసి ఏ నెలలో ఉన్నామో చెప్పేవాడు.

ఎండలు ముదిరి, బర్మా వాళ్ల నీళ్ల పండగ తింజాన్ దగ్గరపడే రోజుల్లో ఏరు సన్నబడి, రాళ్ల మధ్య మడుగులు మడుగులుగా మిగిలేది. పక్కింటి డా మ్యా బియ్యప్పిండి ఉండల్లో తాటిబెల్లం ముక్క దూర్చి, సలసల కాగే నీళ్లలో వేసి, అవి ఉడికి పైకి తేలగానే కొబ్బరికోరు చల్లి అందరికీ పంచేది. ఒక్క ఉండలో మాత్రం బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ పెట్టడం ఆవిడ సరదా, అదెప్పుడూ నాకే తగిలేది. కళ్లనీళ్లతో ఏటికి పరిగెత్తి నోరు పుక్కిలిస్తుంటే, మడుగు మీద పొడుగుకాళ్ల పురుగులు నీళ్లంటకుండా అటూ ఇటూ జారుతూ కనపడేవి. "అది మేస్త్రీ," అనేవాడు అయ్య. "సూడు, కాలు తడవదు, పని సెయ్యదు, అందరి నెత్తి మీదా తిరుగుతాది." జెట్టీలో తనని తోలిన మేస్త్రీలందరి మీద కసీ ఆ ఒక్క పేరుతో తీర్చుకున్నాడని పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు. అప్పట్లో మాత్రం ఆ పురుగు పేరు నిజంగానే మేస్త్రీ అనుకున్నాను.

తొలకరి పడి ఏరు ఎర్రబడిన వారానికి, ఒకనాడు తెల్లవారేసరికి జాలీ మొత్తం తెల్లటి రెక్కలతో నిండిపోయేది. అన్నాళ్లూ రాళ్ల కింద నక్కి పాకిన పురుగు ఆ రోజు పైకొచ్చి, చర్మం విడిచి, రెక్కలు తొడుక్కుని, గాల్లో గుంపుగా ఆడి, గుడ్లు నీళ్లలో వదిలి, పొద్దెక్కేసరికి చచ్చిపోయేది. అయ్య ఒకదాన్ని బొటనవేలి గోటి మీద ఎక్కించి చూపించాడు. "ఇది ఒంటిపూటమ్మ. సూడు, దీనికి నోరు నేదు. తిన్నానికి టైమే నేదు, నోరెందుకు మరి?" నేను చాలాసేపు వెతికాను, నిజంగానే నోరు లేదు. ఆ వేళ అమ్మ చోడి అంబలి కాచి, ఎండుచేప నిప్పుల మీద కాల్చి, ఉల్లిపాయ చితక్కొట్టి పెడితే, నోరున్నందుకు నాకు చాలా సంతోషమేసింది.

ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాల్లో బట్టలు ఆరేవి కావు. పొయ్యి మీద దండెం కట్టి ఆరేస్తే పొగవాసన పట్టేవి, ఆ పొగలోనే డా మ్యా ఇంటి ఙపి వాసన కలిసేది. మొదట్లో అమ్మ ముక్కు మూసుకునేది, రెండేళ్లు తిరిగేసరికి ఆ చేపల ముద్ద మా ఇంటి పులుసులోకి కూడా వచ్చేసింది. ఆ రోజుల్లో జాలీకి తూనీగ పిల్లలు పడేవి. రెక్కలు రాకముందు అవి బురదరంగులో, చూస్తే అసహ్యంగా ఉంటాయి. కదలకుండా కూర్చుని, చేపపిల్ల దగ్గరికి రాగానే గడ్డం కింద మడిచి దాచుకున్న పొడుగు దవడని చాచి పట్టేసి లోపలికి లాక్కుంటాయి. అయ్యకి జెట్టీలో బస్తాలు ఎత్తే క్రేను జ్ఞాపకం వచ్చి దాన్ని క్రేనోడన్నాడు. వానలు వెనకపట్టి, బర్మా ఇళ్ల ముందు తడింజ్యుత్ పండగ దీపాలూ మా ఇంటి ముందు దీపావళి ప్రమిదలూ కొద్ది రోజుల తేడాతో వెలిగేటప్పుడు నీళ్లు తేటపడేవి. అప్పుడొచ్చేవాడు సంపానోడు, వెల్లకిలా పడుకుని రెండు కాళ్లు సంపాను పడవ తెడ్లలా వేసుకుంటూ పోయే పురుగు. చలి వేళ్లకి తగిలే మార్గశిరంలో ఇసకరేణువుల్ని తన జిగురుతో తానే అతికించుకుని, ఆ గొట్టాన్ని ఒంటికి తొడుక్కుని, ఎక్కడికి పోతే అక్కడికి ఈడ్చుకుపోయే పురుగు వచ్చేది. స్టీమరు దిగిన రోజున మూట వదలని కొత్త కూలీల్ని తలుచుకుని అయ్య దాన్ని సామానోడన్నాడు. ఇలా ఆయన పెట్టిన పేర్లు పాతిక దాకా ఉండేవి.

ఇదంతా నాకు నోటికొచ్చు. కాని నేను చదివే బడిలో ఇది విద్య కాదు. మా బడి ఊళ్లో ఒక బియ్యం వ్యాపారి మేడ మీద ఉండేది. గుమాస్తాల పిల్లలు, వ్యాపారుల పిల్లలు, ఎక్కువమంది గోదావరి వైపు వాళ్లు. చేరిన మొదటి వారంలోనే పంతులుగారు ఏదో అడిగితే సరిగా వినపడక "ఏటండీ?" అన్నాను. మా వైపు ఏటి అంటే ఏమిటి అని. క్లాసంతా గొల్లుమంది. పంతులుగారు నవ్వలేదు. ఆయన మంచివాడు, ఆ మంచితనంతోనే నల్లబల్ల మీద రాసి చూపించారు. "ఏరు అనే మాటకి టి వర్ణకం చేరి ఏటి అవుతుంది తల్లీ. ఏటి గట్టు, ఏటి నీరు. అది ప్రశ్న కాదు. అడగాలంటే ఏమిటి అనాలి." ఆ మధ్యాహ్నం నుంచి నా పేరు ఏటి. నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, "ఏటి వచ్చింది రోయ్, పంచెలు ఎగ్గట్టండి!" అని వెనక బల్లలోంచి కేక వచ్చేది. ఇంటికి నడిచే గంటా ఏమిటి, ఏమిటి, ఏమిటి అని నోట్లో నూరుకుంటూ పోయేదాన్ని. నెల తిరక్కుండా బడిలో మా అయ్య నాన్నగారైపోయాడు. ఇంట్లో అమ్మ "ఏటే" అని పిలిస్తే పలికేదాన్ని కాదు. పదేళ్ల పిల్లకి అంత పొగరు ఎక్కడిదో అని అమ్మ అనుకునేది గాని, అది పొగరు కాదు, భయం.

అలాంటి రోజుల్లో ఒక దొర మా బడికి కబురు పంపాడు. పైన కొండల్లో చల్లటి వాగులున్నాయనీ, వాటిలో తన దేశంలో ఉండే ట్రౌట్ అనే మచ్చల చేపని తెచ్చి పెంచుతాననీ ఆయనకి పట్టుదల. ఆ చేప పురుగులు తిని బతుకుతుంది, అవి ఏ నెలలో ఏవి పుడతాయో తెలిస్తే గాని లాభం లేదు. అందుకని ఎక్కడెక్కడి ఏళ్లలో ఏ నెలలో ఏ పురుగుంటుందో పట్టిక రాసి పంపమని బడులన్నింటినీ అడిగాడట. పంతులుగారికి ఇలాంటివంటే ప్రాణం. తెలుగులో కూడా ఒక పట్టిక అచ్చువేయించి గోడకి తగిలిద్దామన్నారు. ఏటి ఒడ్డున ఎవరి ఇల్లుందని అడిగితే క్లాసంతా నావైపు తిరిగింది.

ఆ సంగతి చెప్పగానే అయ్య చీపురు పక్కన పెట్టేశాడు. "నా పేర్లు అచ్చులో ఏత్తారా?" అని రెండుసార్లు అడిగాడు. అంతవరకూ కాగితంతో ఆయనకున్న సంబంధం వేలిముద్ర వేయడమే. "అచ్చులో పడితే ఇంక మాట పోదు గదే," అని అమ్మతో అన్నాడు. ఆయన ఊరికే అన్న మాట కాదది. మా ముసలమ్మలు పాడిన పాటలు, ఊళ్లో వదిలేసి వచ్చిన పొలాల పేర్లు ఒక్కొక్కటే మరిచిపోతున్నామని అప్పటికే ఆయనకి దిగులుండేది. ఏడాదిగా చుట్టల డబ్బాల్లో దాచిన ఎండు పురుగులు, విడిచిన చర్మాలు, ఖాళీ ఇసక గొట్టాలు అన్నీ బయటికి తీశాడు. మా ఇంట్లో పళ్లాలు చాలక డా మ్యా ఇంటి నుంచి తెచ్చి, చైత్రం నుంచి ఫాల్గుణం దాకా నెలకొక రేకు పళ్లెం చొప్పున ఏటి గట్టు మీద వరసగా పేర్చాడు. అది కార్తీకమాసం గనక ఆ పళ్లెంలో మాత్రం నీళ్లు పోసి బతికున్నవే వేశాడు.

ఆదివారం నాడు పంతులుగారు గొడుగు వేసుకుని, నోటు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. గట్టు బురదగా ఉంది, ఆయన కొత్త బూట్లు వేసుకున్నారు, అందుకని కాస్త ఎడంగా నిలబడి గొడుగు ముడిచి దాని కొసతో మొదటి పళ్లెం చూపించి, "దీన్నేమంటారయ్యా?" అని అడిగారు. పళ్లెంలో మూడు రకాలున్నాయి. ఆయన చూపించింది ఏదో అయ్యకి తెలియలేదు. చదువుకున్న మనిషి ముందు నిలబడడమే భయం, పైగా తన పేర్లు అచ్చుకెక్కే రోజు. వంగి, చేతులు కట్టుకుని, మెల్లగా అన్నాడు.

"ఏటి పురుగు బాబూ?"

అయ్య అడిగాడు. పంతులుగారికి జవాబులా వినపడింది. "ఏటి పురుగు! చక్కటి మాట," అని రాసుకున్నారు. గొడుగు రెండో పళ్లెం మీదికి వెళ్లింది. "మరి ఇది?" అయ్య ఇంకాస్త వంగాడు. "ఏటి పురుగు బాబూ?" పంతులుగారు మళ్లీ రాశారు. మూడో పళ్లెం దగ్గరా అంతే. అయ్య అయోమయంగా ఆయన మొహంలోకి చూశాడు, అడిగినదానికి ఏమీ చెప్పకుండా ఆయన రాసుకుంటూ ఎందుకు పోతున్నారో పాపం ఆయనకి అర్థం కాలేదు. అయినా కార్తీకపు పళ్లెం చూపిస్తే బాగుంటుందనుకున్నాడేమో, దాన్ని తీసుకురావడానికి వరస అవతలి వైపుకి కుంటుకుంటూ వెళ్లాడు. అప్పుడు పంతులుగారు నావైపు తిరిగారు.

"ఏమ్మా, అన్నిటినీ ఏటి పురుగనే అంటారా మీ నాన్నగారు?"

ఆ గట్టు మీద ఆ మాట రెండు అర్థాలతోనూ వినపడింది నాకొక్కదానికే. ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని ఆ ఒక్క మాట ఏమిటి? మా అయ్య ఏటి అంటే ఏమిటి అని, మేం ఇంకా అలాగే మాట్లాడతామని. ఆ మాట సోమవారం క్లాసులోకి ఎలా వెళుతుందో, వెనక బల్లలోంచి ఏ కేక వస్తుందో నాకు ముందే వినపడింది. "అవునండి. మా వాళ్లకి విడివిడి పేర్లు తెలియవండి," అన్నాను. తడుముకోకుండా, స్వచ్ఛమైన తెలుగులో అన్నాను.

ఇంతలో అయ్య నీళ్ల పళ్లెం రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. ఈసారి అడిగేదాకా ఆగలేదు. మడుగులో కార్తీకం దాకా మిగిలిన పొడుగుకాళ్ల పురుగొకటి అందులో తిరుగుతోంది. "మేస్త్రీ బాబూ," అన్నాడు సంబరంగా. పంతులుగారు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. "మేస్త్రీయా? ఎక్కడ?" నేను ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించి, "మేస్త్రీ వచ్చే వేళయిందంటున్నారండి, పని మానేసి ఉండడం చూస్తే కోప్పడతాడండి," అన్నాను. "అయ్యయ్యో, నా మూలాన నీకు మాట రాకూడదు," అని పంతులుగారు అయ్యకి నమస్కారం పెట్టి, బురదలో బూట్లు పాడవుతున్నా చూసుకోకుండా గబగబా వెళ్లిపోయారు. మా అయ్యకి బూట్లేసుకున్న మనిషి నమస్కారం పెట్టడం అదే మొదలు. ఆయన చూడని ఎనిమిది పళ్లాలు గట్టు మీద అలాగే ఉన్నాయి.

"ఏటే గుంటా, అలగెలిపోనాడు?" అన్నాడు అయ్య. మిగతావి బడిలో నన్ను చెప్పమన్నారన్నాను. అందులో కొంత నిజం కూడా అయింది. ఆ వారమంతా బడిలో పంతులుగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రంగూ, కాళ్లూ, నెలా అడిగి రాసుకున్నారు. అన్నీ సరిగ్గానే చెప్పాను. పేర్లొక్కటే మింగేశాను. ఇంటికొచ్చాక అయ్య రోజూ అడిగేవాడు. "ఒంటిపూటమ్మ సెప్పినావా? నోరు నేదని సెప్పినావా?" నోరు లేదని చెప్పానన్నాను. అది నిజమే.

మాఘమాసంలో పట్టిక అచ్చయి వచ్చింది. నాకొక ప్రతి ఇచ్చారు. అయ్య చేతులు సబ్బుతో కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, అరుగు మీద కూర్చుని చదవమన్నాడు. జ్యేష్ఠం, ఏటి పురుగు, తెల్లటి రెక్కలది. భాద్రపదం, ఏటి పురుగు, మట్టి రంగుది. మార్గశిరం, ఏటి పురుగు, ఇసక గూడు గలది. అదీ ఆ కాగితం మీద ఉన్నది. అట్టడుగున "సేకరణ: కుమారి నూకరత్నం" అని నా పేరు. నేను వరస మీద వేలు జరుపుతూ, జ్యేష్ఠం, ఒంటిపూటమ్మ అని చదివాను. భాద్రపదం, క్రేనోడు. మార్గశిరం, సామానోడు. సేకరణ, అప్పలస్వామి. అచ్చులో లేని పేర్లన్నీ ఒక్కటి తప్పకుండా చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు, అయిపోయాక ఇంకోసారి చదవమన్నాడు. గంజితో ఆ కాగితాన్ని తడికకి అంటించి, వచ్చిన ప్రతివాడికీ ఏ అక్షరం దగ్గర ఏ పేరుందో గురుతుపెట్టుకుని వేలితో చూపించేవాడు. మా కూలీ జనంలో చదవడం వచ్చినవాళ్లు లేకపోవడం వల్ల నా అబద్ధం నెలరోజులు బతికింది.

ఫాల్గుణంలో, ఊరికి ఉత్తరం రాయించడానికి అమ్మ ఒక ఉత్తరాల రాయసగాణ్ణి ఇంటికి పిలిచింది. సూరన్న అని, జెట్టీ దగ్గర చెట్టు కింద కూర్చుని అందరికీ జాబులు రాసిపెట్టే మనిషి. అయ్య ఆయన్ని తడిక దగ్గరికి తీసుకెళ్లి, "సదువు సూరన్నా," అన్నాడు మురిపెంగా. సూరన్న కళ్లజోడు సవరించుకుని పై నుంచి కింద దాకా పెద్ద గొంతుతో చదివాడు. ఏటి పురుగు, ఏటి పురుగు, ఏటి పురుగు. "అన్నీ ఒకటే రాసీసినారేటి?" అని నవ్వాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాను. నిప్పులకేసి చూస్తూ కూర్చున్నాను. అయ్య నావైపు చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే సూరన్న నవ్వు సగంలో ఆగింది. అప్పుడు ఆయనే అన్నాడు.

"ఏటిలోయి గదా. ఏటి పురుగులే. కింద ఎవుల పేరున్నాది?"

"మీ పిల్ల పేరే."

"మరింకేటి," అన్నాడు అయ్య. ఆ మాటలో కోపం వెతికాను. లేదు. కోపముంటే ఈ పాటికి నేను మరిచిపోయి ఉండేదాన్నేమో.

ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. నేను చెప్పలేదు. ఆ మరుసటి తొలకరికి జాలీ తెల్లటి రెక్కలతో నిండినప్పుడు అమ్మ చూసి, "ఒంటిపూటమ్మ వొచ్చీసినాది," అంది. ఆయన చీపురు ఆపకుండా, "ఏటి పురుగు," అని సరిదిద్దాడు. అమ్మ తెల్లబోయింది. "అచ్చులో అదే ఉన్నాది గదా," అన్నాడు. వెటకారం కాదది. చదువుకున్నవాళ్లు రాశారు, తన కూతురు చెప్పి రాయించింది, అంచేత తాను ఇన్నాళ్లూ అన్నదే తప్పనుకున్నాడు. ఆ తరువాత ఆయన నోట ఆ పేర్లు ఒక్కటి కూడా రాలేదు. నా పెళ్లయిన మరుసటేడు, జ్వరంతో పోయేదాకా రాలేదు. ఆయన్ని తలుచుకుని ఇప్పుడు ఏడవడం తేలిక. అప్పుడు "అయ్యా, నేనే తప్పు చెప్పాను" అనడానికి నాకు పదేళ్లు టైముంది, ఒక్కసారీ అనలేదు. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదలు.

ఇప్పుడు ఆ ఏటి మీద ఇళ్లు కట్టేశారు, నీళ్లు ఎక్కడో కాలవలో కింద నుంచి పోతున్నాయి. కొండల మీద దొర చేప బతికిందో లేదో నాకు తెలియదు. మా మనవలు ఏటి అనరు, ఏమిటి అని కూడా అనరు. బర్మాలో "బాలే" అని అడుగుతారు. వాళ్లని చూసి నవ్వేవాళ్లెవరూ లేరు, అందుకు సంతోషమే. అమ్మ ట్రంకుపెట్టెలోంచి తీసిన ఆ పట్టిక మాత్రం నా దగ్గరుంది, పసుపుపచ్చగా, మడతల దగ్గర చిరిగి. మొన్నటి నుంచి దాని పక్కన తెల్లకాగితం పెట్టుకుని అయ్య పేర్లు రాయాలని చూస్తున్నాను. పాతికలో ఏడు వచ్చాయి. ఫాల్గుణం వరసలో "ఏటి పురుగు, వీపున గుడ్లు గలది" అని ఉంది. బల్లపరుపు పురుగు అది, వీపు నిండా గుడ్లు మోసుకుని తిరిగేది. అందరూ తల్లనుకుంటారు, కాదు, తండ్రి అని అయ్య నాకు చూపించాడు. ఆడది గుడ్లు అతికించి తన దారిన పోతే, పిల్లలు బయటికొచ్చేదాకా మగదే మోస్తుందన్నాడు. నీళ్లలో చెయ్యి పెట్టి దాన్ని ఎంత జాగ్రత్తగా ఎత్తాడో, ఆ తడి వేళ్లు, పక్కన నా మొహం, అన్నీ కనపడుతున్నాయి. దాన్ని ఏమన్నాడో మాత్రం రావడం లేదు. మూడు రోజులైంది, రావడం లేదు. అడుగుదామంటే ఆయన లేడు, అచ్చులో చూద్దామంటే అక్కడ నేను చెప్పిందే ఉంది.